ఊపిరి బిగబట్టే కుప్పుస్వామి

పుత్తూరు బజారులో అందరి సైకిళ్లకూ గాలి కొట్టే కుప్పుస్వామి, తాను మాత్రం వీలైనంతసేపు గాలి పీల్చకుండా బతకాలని చూసేవాడు.

కార్వేటినగరం దగ్గర ఒక రైతు తోటలో లోతైన రాతిబావి ఉండేది. ఏటా ఎండాకాలంలో అక్కడ నీళ్లలో మునిగి ఉండే పందెం పెట్టేవాళ్లు. ఎక్కువసేపు మునిగి ఉన్నవాడికి ఇత్తడి బిందె. 1978లో అది చూసి వచ్చినప్పటి నుంచి కుప్పుస్వామికి ఇదే సాధన. ఆయన షాపు పక్కనే నా టైలరింగ్ షాపు. నా గడియారానికి సెకన్ల ముల్లు ఉండటం నా ఖర్మ. గుండీలు కుట్టుకుంటూ ఆయన ఊపిరి లెక్కపెట్టడం నాకు రెండో ఉద్యోగమైంది.

పంక్చరు ఎక్కడుందో వెతికే నీళ్లతొట్టిలోనే ఆయన తల ముంచేవాడు. సైకిలు తోసుకొచ్చిన వాళ్లకు షాపుదారు వీపు మాత్రమే కనిపించేది. ఒకరోజు పెరుగమ్మే సిద్ధమ్మ అది చూసి హడలిపోయి, తట్ట దించి, జుట్టు పట్టుకుని ఆయన్ను పైకి లాగింది.

"ఇంకో పది సెకన్లుంటే మూడు నిమిషాలయ్యేది గదమ్మా," అన్నాడు ఆయన నీళ్లోడుతూ.

"సచ్చినోడికి నిమిషాలతో ఏం పని నాయనా," అంటూ ఆమె కొంగుతో ఆయన మొహం తుడిచింది.

ఆయన భార్య చంద్రకాంతమ్మ మొదట్లో ఏడ్చింది. తర్వాత అందులో లాభం కనిపెట్టింది. ఆయన ఊపిరి బిగబట్టగానే అడగాల్సినవన్నీ అడిగేది. వద్దనాలంటే ఊపిరి వదలాలి, వదిలితే సాధన చెడుతుంది. అలా ఒక్క వేసవిలో ఆమెకు రెండు పట్టుచీరలు, ఒక కుక్కరు, వాళ్లమ్మ మూడు నెలల మకాం మంజూరయ్యాయి.

రెండేళ్లలో మూడు నిమిషాల యాభై సెకన్లకు చేరాడు. నన్ను వెంటబెట్టుకుని పందేనికి బస్సెక్కాడు.

చివరికి ఇద్దరే మిగిలారు. రెండోవాడు బావులు తవ్వే చిన్నబ్బ, నాలుగేళ్లుగా గెలుస్తున్న మనిషి. ఆ ఏడు జ్వరం నుంచి లేచి వారమే అయిందని, వద్దన్నా వినలేదని జనం చెప్పుకున్నారు. ఇద్దరూ మునిగి కింది మెట్టు పట్టుకున్నారు. మూడు నిమిషాలు దాటాయి. ఇంకో పది సెకన్లకు కుప్పుస్వామి తల పైకి వచ్చింది. వెంటనే చిన్నబ్బ తేలాడు, పెదాలు నల్లబడి. నలుగురూ పట్టి ఒడ్డుకు చేర్చాక, కాసేపటికి తేరుకుని బిందె నెత్తికెత్తుకున్నాడు.

తిరుగు బస్సులో నాకు ఒళ్లు మండిపోయింది. రోజూ అవలీలగా పట్టే ఊపిరి ఇవాళ ఏమైందని నిలదీశాను. కాలు పట్టేసిందన్నాడు. నేను వదల్లేదు.

"ఆయప్ప చేతులు వణకతా ఉండాయబ్బా," అన్నాడు చివరికి. "రాయి మీంచి వేళ్లు జారిపోతా ఉండాయి. అయినా నా మొకమే సూస్తా ఉండాడు. నేను పైకి పోతేగానీ ఆయప్ప కదిలేట్టు లేడు. ఎవురికీ చెప్పొద్దు."

ఆ తర్వాత చిన్నబ్బ పుత్తూరు వచ్చినప్పుడల్లా సైకిల్ షాపు ముందు బెంచీ మీద కూర్చుని, తాను ఎలా గెలిచాడో వర్ణించేవాడు. ఏటికేడు ఆ మూడు నిమిషాలు పెరిగి ఆరయ్యాయి. వింటూ నేను కత్తెర బల్ల మీద టపీమని పెట్టి దగ్గేవాణ్ణి. కుప్పుస్వామి మాత్రం పని ఆపి, టీలు తెప్పించి, దారిన పోయేవాళ్లను పిలిచి కూర్చోబెట్టి, "మొదట్నించీ చెప్పప్పా, వీళ్లు ఇనలేదు," అనేవాడు.