విమానం పోయేదాకా ఆగుండ్రి

రెబెక్కాకు ఒకటే పిచ్చి. నెత్తిమీద విమానం పోతుంటే కుడిచెయ్యి పైకెత్తి, చప్పుడు పూర్తిగా చచ్చేదాకా నోరు మూసుకుని నిలబడుతుంది. ఎదుట ఎవరున్నా వాళ్లూ ఆగాల్సిందే. విమానాశ్రయం పక్కనున్న మామిడిపల్లిలో విమానం పోని ఘడియ ఉండదు కనుక, రెబెక్కాతో ఒక మాట పూర్తిచేయాలంటే సద్ది కట్టుకుని రావాలి.

నేనూ, రెబెక్కా బడిపిల్లల మనస్తత్వశాస్త్రంలో పీహెచ్‌డీ విద్యార్థులం. పట్టా రావాలంటే ఏడాదిపాటు బళ్లో ఇంటర్న్‌షిప్ చేయాలి. పిల్లలకు తెలివి పరీక్షలు పెట్టాలి, చదువు ఎక్కడ తడబడుతోందో చూడాలి, రిపోర్టు రాయాలి. అందుకోసం మామిడిపల్లిలోని ఒక బడి మాకిచ్చిన గది, మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాల గది. పైన రేకులు. పైగా ఏ టీచర్ సెలవు పెట్టినా ఆ క్లాసుకు కాపలాగా రెబెక్కానే తోలేవారు. ఇన్నేళ్లు చదివిన మనిషిని కాపలాకు పెట్టడం అన్యాయమని నేను హెడ్మాస్టరు ముఖం మీదే అన్నాను. రెబెక్కా అనలేదు. అడిగింది ఒక్కటే.

"సార్, ఈ గది మీదికెళ్లి దినానికి ఎన్ని విమానాలు పోతయ్?"

హెడ్మాస్టరు నావైపు చూశారు. ముందు ఈమెకే పరీక్ష పెట్టాలేమో అన్నట్టు.

గగన్‌పహాడ్ చర్చిలో వాళ్లక్క జూలీ పెళ్లి. "ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పండి" అన్నారు పాస్టరుగారు. సరిగ్గా అప్పుడే విమానం వచ్చింది. రెబెక్కా చెయ్యి లేచింది. చర్చంతా వెనక్కి తిరిగింది. పెళ్లికొడుకు కర్చీఫు చెమటతో తడిసిపోయింది. చివరికి పెళ్లికూతురే ముసుగు తీసి, "అభ్యంతరం కాదు పాస్టరుగారూ, విమానం. మా చెల్లె గంతే. జర ఆగుండ్రి" అంది.

ఆరాంఘర్ చౌరస్తాలో ఇలాగే చెయ్యెత్తితే రెండు బస్సులు, నాలుగు ఆటోలు ఆగాయి.

"ఎక్కుతవా అక్కా?"

చప్పుడు పోయాక చెయ్యి దించి, "ఎక్క" అంది. ఆటో అతను అన్న మాటలు ఇక్కడ రాయను.

మా గైడు రవీందర్ సార్‌కు మాత్రం నవ్వు రాలేదు. వారానికి ఎనిమిదిమంది పిల్లలను పరీక్షించాలని ఆయన లెక్క. నేను ఎనిమిది చేసేదాన్ని. రెబెక్కా విమానం విమానానికీ స్టాప్‌వాచ్ ఆపి ముగ్గురి దగ్గరే ఉండేది. "ఇట్లా అయితే నీ ఇంటర్న్‌షిప్ మీద సంతకం పెట్టను" అన్నారు సార్.

ఆ వారమే దుర్గవ్వ వచ్చింది. బళ్లో వంట చేస్తుంది. మనవరాలు కళ్యాణిది మూడో తరగతి. ఆ పిల్లకు మందబుద్ధి అని ఒక కాగితం తేల్చింది. దాని మీద పిల్లను ఈ బడి నుంచి తీసేసి, ఎక్కడో ముప్పై కిలోమీటర్ల అవతలి ప్రత్యేక బడికి పంపబోతున్నారు.

"నా మన్మరాలు చెయ్యి పెట్టకుంటనే చెప్తది బిడ్డా, కూరల ఎన్ని ఉల్లిగడ్డలు తక్కువైనయో. గామె మందమెట్లయితది? గీ కాయితం ఎవ్వలు రాసిన్రు?"

దాచడమెందుకు, ఆ కాగితం మీది సంతకం నాది. వారానికి ఎనిమిదిలో ఒకటి.

రెబెక్కా చెయ్యెత్తింది. దుర్గవ్వ మర్యాదగా ఆగింది. ఆగి ఆగి, పప్పు మాడిన వాసన వస్తే లోపలికి పరుగెత్తింది. నేను బయటికి వచ్చి చూశాను. ఆకాశంలో విమానమేదీ లేదు.

మర్నాడు రెబెక్కా కొత్త నమూనాలతో కళ్యాణికి మళ్లీ పరీక్ష పెట్టింది. రవీందర్ సార్ స్వయంగా వచ్చి బియ్యం బస్తా మీద కూర్చున్నారు. ఎరుపు తెలుపు చెక్కముక్కలను బొమ్మలో ఉన్నట్టు పేర్చాలి. మొదలుపెట్టగానే రేకులు గడగడలాడాయి. రెబెక్కా గడియారం ఆపింది.

"ఆపకూడదమ్మా. పరీక్ష నియమాల పుస్తకంలో ఉంది."

"నిశ్శబ్దంగా ఉన్న గదిలోనే పరీక్ష పెట్టాలని గూడ ఉంది సార్. అదే పుస్తకం, ముందటి పేజీల."

సార్ జవాబుకు నోరు తెరిచేలోపు ఇంకో విమానం. ఈసారి చెయ్యెత్తింది కళ్యాణి.

"సార్, జర ఆగుండ్రి."

సార్ తెరిచిన నోటితోనే ఆగారు. ఆ నోరు చూసి పిల్ల పడీపడీ నవ్వింది. చప్పుడు పోయాక ముక్కలు టకటకా పడ్డాయి. సార్ కాగితం తిప్పేలోపు బొమ్మ తయారు. మొత్తం పరీక్ష ముగిసేసరికి తేలిందేమిటంటే కళ్యాణి ఎవరికీ తీసిపోదు, చెక్కముక్కల్లో అయితే తన ఈడు పిల్లలకంటే రెండేళ్లు ముందుంది.

సార్ నా కాగితాన్ని నిలువునా చింపారు. "ఈ గదిలో ఇంతవరకు ఎంతమందిని పరీక్షించావు?" అని నన్నడిగారు. అరవై నలుగురు. అందరికీ మళ్లీ పెట్టమన్నారు. ఎనిమిది లెక్క ఆరోజే పోయింది. రెబెక్కా కాగితాల మీద సంతకమూ ఆరోజే పడింది. బళ్లో స్లాబు ఉన్న గది ఒక్కటే, హెడ్మాస్టరుది. అది మాకొచ్చింది. బస్తాల మధ్య ఇప్పుడు ఆయన కూర్చుంటున్నారు. విమానాలు చాలా ఎక్కువయ్యాయని ఫిర్యాదు రాశారు కూడా.

"పరీక్షలో ఆపావు సరే, పెళ్లిలో ఎందుకే?" అని అడిగాను.

"పరీక్షల మాత్రమే ఆపితే, తనకు రాదనే మేడం ఆపిందని పోరి బుగులు పడతది శోభక్కా. ఊరంతా నన్ను విమానం మేడమంటే నన్ను జూసి నవ్వుతది. నవ్వే పిల్లకు భయమేడిది?"

దుర్గవ్వతో నిజం నేనే చెప్పాను. "నాకెర్కే బిడ్డా. నీ సంతకం సదువరాదు గని నీ మొకం సదువొస్తది" అని ఇంకో గరిటె పప్పు వేసింది. ఈసారీ మాడిన పప్పే.

ఇక మీతో ఒక పని. మీ ఊరి బడికి వెళ్లండి. పిల్లల తెలివి కొలిచే గదిలో ఐదు నిమిషాలు కూర్చుని చెవి పెట్టి వినండి. విమానమో, రైలో, పిండిమరో వినిపిస్తే, నిశ్శబ్దంగా ఉండే గది ఇవ్వమని అడగండి. చూద్దామంటారు. అప్పుడు వాళ్లెదుటే చెయ్యెత్తి నిలబడండి.

గది ఇచ్చేదాకా దించకండి.