నీళ్ళు ముట్టని లక్ష్మన్న

కర్నూలులో తుంగభద్ర ఒడ్డున లక్ష్మన్నను ఎరగనివాళ్ళు తక్కువ. గుండ్రటి వెదురు పుట్టి వేసుకుని ఏట్లో చేపలు పడతాడు. ఎవరైనా నీళ్ళలో మునిగి పోతే ఇంటివాళ్ళు పరుగెత్తేది ఆయన గడపకే. మునిగి వెతికి, ఒడ్డుకు తెచ్చి, ముఖం కడిగి మరీ అప్పగిస్తాడు. ఆయనకు దొరకనివాడు మా అబ్బాయి శామ్ ఒక్కడే.

శామ్ డిగ్రీ చదివేవాడు. పోయిన వానాకాలం స్నేహితులతో ఈతకు పోయి, ఇసుక తవ్విన గుంతలో పడ్డాడు. పైనున్న డ్యాము నుంచి నీళ్ళు వదిలిన రోజులవి. వెతికి వెతికి లక్ష్మన్న మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"దొరకలేదు కృపమణమ్మా" అన్నాడు నేల చూస్తూ. చెంబుతో నీళ్ళిస్తే వద్దని వెనక్కు జరిగాడు. మేము చర్చిపేట వాళ్ళం. మా చేతి నీళ్ళకు వెనక్కు జరిగేవాళ్ళను చిన్నప్పటినుంచి చూసినదాన్ని. నా కొడుకు పోయిన రోజుల్లో కూడా ఈయనకు కులమే గుర్తొచ్చిందా అనుకున్నాను. ఆ తర్వాత బజారులో నేను కనబడితే ఆయన సందులోకి తప్పుకునేవాడు. నేనూ పిలవలేదు.

ఏడాది కావస్తుండగా, శామ్ కొట్టుకుపోయిన దారిని ఒక్కసారి కళ్ళతో చూడాలనిపించింది. సమాధి లేదు, పోయి కూర్చోవడానికి చోటు లేదు. మా ఆయన ప్రకాశం పోయి అడిగితే లక్ష్మన్న రానన్నాడు. నేనే పోయి ఆయన ఇంటి ముందు నిలబడితే కాదనలేకపోయాడు.

తెల్లవారి లక్ష్మన్నా నేనూ పుట్టి ఎక్కాం. ఆయన ముందు కూర్చుని, తెడ్డుతో నీళ్ళను తన వైపు లాక్కుంటూ పోతున్నాడు. బ్రిడ్జి కింద పోతుంటే లారీల చప్పుడు నెత్తిమీదే ఉన్నట్టుంది. హంద్రీ ఏరు వచ్చి కలిసేచోట నల్లటి నురగ, ప్లాస్టిక్ కవర్లు, గుర్రపుడెక్క. "ముక్కు మూసుకోండమ్మా" అన్నాడు. అంతకు మించి మాట లేదు. ఊరు దాటి చాలా దూరం పోయాక నీళ్ళు తేటపడ్డాయి. జమ్ములోంచి కొంగలు లేచాయి. ఒక నీటికుక్క మీసాల మూతి పైకెత్తి మమ్మల్ని చూసి బుడుంగున మునిగింది. నాకు నవ్వొచ్చింది. నవ్వానని వెంటనే సిగ్గేసింది. నేను వచ్చింది ఏ పని మీద?

బండలు వచ్చిన ప్రతిచోటా లక్ష్మన్న పుట్టి ఆపి, వంగి కిందికి చూసి, మళ్ళీ తెడ్డు వేసేవాడు. పుట్టికి రాళ్ళు తగులుతాయని భయమేమో అనుకున్నాను. ఎండెక్కాక నా సీసాలోని నీళ్ళు ఇవ్వబోయాను. "వద్దమ్మా" అని ఏటి నీళ్ళే దోసిట పట్టి తాగాడు. నా చెయ్యి అట్లాగే ఉండిపోయింది.

పొద్దు వాలేవేళకు నది చెరువులా వెడల్పయింది. ఎదర నల్లమల కొండలు. అక్కడ వలలు వేసుకుంటున్న పుట్టివాళ్ళు ఇద్దరు దూరం నుంచే కేకేశారు.

"ఏమప్పా లక్ష్మన్నా, మళ్ళా వచ్చినావే! చేపలు పట్టేది మర్చిపోయినావా?"

"వానికి చేపలు యాడ పడతాయి? బండల కింద తలకాయ పెట్టుకోని తిరుగుతాండాడు" అని రెండోవాడు నవ్వాడు. "ఆ పిల్లోడు దొరికినాడా లేదా? ఏడాది నుంచి వస్తానే ఉండావు. మీ ఆడమనిషి ఇంట్లోకి రానిస్తాందా నిన్ను?"

"నోరు మూయండప్పా!" అన్నాడు లక్ష్మన్న. "ఆ పిల్లోని తల్లి ఈడ ఉండాది."

నవ్వు ఆగిపోయింది. వాళ్ళలో పెద్దాయన తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి, పుట్టిని మా దగ్గరికి తెచ్చాడు. "తెలీక అంటిమి తల్లీ. మనిషిని వెతికి అప్పజెప్పకుండా ఆ ఇంటి నీళ్ళు గూడా ముట్టకూడదు మేము, అది మా కట్టుబాటు. వీడైతే మీ వీధిలోకి రానీకే సిగ్గుపడతాండాడు."

నాకు తలెత్తబుద్ధి కాలేదు. వాళ్ళు దూరమయ్యాక సీసాను పక్కన పెట్టాను. దాచుకోలేక చెప్పేశాను.

"మా కులం చూసి తాగలేదనుకుంటి లక్ష్మన్నా."

తెడ్డు ఆగింది. పుట్టి తనంతట తాను గుండ్రంగా తిరిగింది.

"అయ్యో, అట్ల అనుకున్యారా?" ఆయన తెడ్డు ఒళ్ళో పెట్టుకున్నాడు. "అనుకుంటారులేమ్మా. అట్లాంటోళ్ళు శానామంది ఉండారు. మా ఇంట్లోనే ఉండారు. నేనన్నా నోరు తెరిచి చెప్పల్ల. చెప్పేదానికి నాకు మొగం యాడుండాది?"

నేను పుట్టిలో కొంచెం ముందుకు జరిగాను.

"ఇంక వెతకద్దు" అన్నాను. "నీ పిల్లోళ్ళ కోసరం వల వెయ్యి. నా మాట ఇను."

"మీరే అంటే ఇంకేముండాదమ్మా. ఆపేస్తా."

మళ్ళీ తెడ్డు వేశాడు. కొండ మొదట్లో పెద్ద బండలు నీళ్ళలోంచి లేచి ఉన్నాయి. ఈసారి లక్ష్మన్న వాటివైపు తిరగలేదు. మెడ బిగించుకుని నేరుగా చూస్తున్నాడు. వాటి పక్కగా పోతుంటే నేనే పుట్టి అంచు పట్టుకుని, వంగి, బండ కిందికి చూశాను.

నావైపు చూడకుండానే ఆయన తెడ్డు ఆపాడు.