రెండుసార్లు తప్పితే

మా జంతువుల ఆస్పత్రిలో సూదమ్మంటే తెలియనివాళ్ళు లేరు. ఆవిడ అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ అవసరం పడదు. నేను ముందుగదిలో కూర్చుని చీట్లు రాస్తాను. వైద్యం చేసే గదికీ నాకూ మధ్య ఒక్క అద్దమే అడ్డం. అంచేత ఆవిడ సంగతులు ఆవిడకంటే నాకే ఎక్కువ తెలుసు.

డాక్టర్లు వస్తుంటారు, పోతుంటారు. టెక్నీషియన్ పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలందరూ మాత్రం సూదమ్మ చేతికిందే తయారవుతారు. రక్కే పిల్లిని తువ్వాలులో చుట్టడం, కరిచే కుక్క మూతికి గుడ్డపట్టీ కట్టడం, వణికే కాలిలో నరం దొరకబుచ్చుకోవడం అన్నీ ఆవిడే నేర్పేది. "కళ్ళతో కాదు, వేలితో చూడు" అంటూ వాళ్ళ వేలు పట్టుకుని నరం మీద ఆనించేది. సూది దించేముందు జంతువు చెవిలో "అయిపోయింది నాన్నా, అయిపోయింది" అనేది. ఇంకా మొదలు కాకముందే అలా అబద్ధమాడటం ఆవిడకి అలవాటు.

ఆవిడకో శాసనం కూడా ఉంది. నరం రెండుసార్లు తప్పితే సూది చేయి మారాలి. "మూడోసారి గుచ్చేది దాని కోసం కాదు, మీ పంతం కోసం" అనేది పిల్లలతో. తప్పినవాళ్ళు తలొంచుకుని సూది ఆవిడకే ఇచ్చేవాళ్ళు. ఆవిడ ఎవరికైనా ఇవ్వడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

అలాంటి మనిషికి తోడికోడలి రూపంలో తిప్పలు మొదలయ్యాయి. చిన్నది ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పటినుంచీ అత్తగారికి ఆ పిల్ల పెట్టిన టీ అమృతం. పెద్దకోడలు పెడితే మాత్రం చక్కెర ఎక్కువయ్యేది. ఇంట్లో ఎలా ఉన్నా ఆస్పత్రిలో నాదే రాజ్యం అనుకుని సూదమ్మ సరిపెట్టుకుంటే, చిన్నది సరిగ్గా అక్కడికే ట్రైనింగుకొచ్చింది. ఏకులా వచ్చి మేకై కూర్చుంది. బుసకొట్టే పిల్లులు కూడా ఆ పిల్ల చేయి పడగానే సర్దుకునేవి.

"చూశావా వదినా దాని వేషాలు!" అనేది సూదమ్మ నా బల్ల దగ్గరికొచ్చి. చుట్టరికం లేకపోయినా ఆవిడకి నేను వదిననే.

"ఏం చేసిందేమిటి?"

"ఏమీ చెయ్యలేదు. అదే నా ఏడుపు."

ఒక్కటి మాత్రం చెప్పాలి. కడుపు రగిలిపోతున్నా ఆవిడ పాఠంలో కల్తీ చెయ్యలేదు. అందరికీ నేర్పినట్టే చిన్నదానికీ నేర్పింది. చేసుంటే పీడ వదిలేదని తర్వాత నా దగ్గర నిట్టూర్చింది, అది వేరే సంగతి.

ఆవిడకి అసలు మంట తాతగారి దగ్గర పుట్టింది. తాతగారంటే ఆస్పత్రిలోనే ఉండే ముసలి కుక్క. ఎవరో వైద్యానికి తెచ్చి మళ్ళీ తీసుకెళ్ళలేదు. పిల్లలు అతని కాలికే కట్లు కట్టి, విప్పి, మళ్ళీ కట్టి నేర్చుకునేవాళ్ళు. ఆవలించేవాడే తప్ప ఏనాడూ మూలిగినవాడు కాదు. సూదమ్మ కనిపిస్తే తోకతో నేలంతా ఊడ్చేవాడు. ఒకరోజు ఆ తోక చిన్నదాన్ని చూసి కూడా ఊగింది. మర్నాటినుంచి సూదమ్మ కోటు జేబులో బిస్కెట్లు. నేను నవ్వితే, "కుక్కకి లంచమిస్తే జైల్లో వేస్తారా?" అని నామీద లేచింది.

ఈ ఏడు కొత్త పిల్లలు చేరిన వారంలోనే తాతగారు మంచాన పడ్డాడు. వాంతులతో ఒళ్ళంతా ఎండిపోయింది. వెంటనే సెలైన్ ఎక్కకపోతే దక్కడని చెప్పి డాక్టరుగారు ఇంకో ఆపరేషన్‌కి వెళ్ళిపోయారు. కొత్తపిల్లలు గోడవారన నిలబడ్డారు. చిన్నది తాతగారి తల కదలకుండా పట్టుకుంది.

"జాగ్రత్తగా చూడండి, ఇవాళ్టి పాఠం ఇదే" అంది సూదమ్మ.

మొదటిసారి నరం పక్కకి జారిపోయింది. ఒళ్ళు ఎండినప్పుడు నరాలు దారప్పోగుల్లా అయిపోతాయి, ఎవరికైనా తప్పుతుంది. రెండోసారి కాలు మార్చి గుచ్చింది. నరం చిట్లి చర్మం కింద ఉబ్బింది. తాతగారు మూలిగాడు.

సూదమ్మ ఇంకో సూది తీసుకుని కవరు చింపింది.

శాసనం పిల్లలకి తెలుసు, మొదటిరోజే చెప్పించుకున్నారు. అందరి కళ్ళూ ఆ సూది మీదే ఉన్నాయి. చిన్నది తలెత్తి చూడనైనా లేదు, కుక్క చెవి నిమురుతూ ఉండిపోయింది. ఆ పిల్ల చెయ్యి చాచి అడిగి ఉంటే సూదమ్మ చచ్చినా ఇచ్చేది కాదు. సూదమ్మ మూడోకాలు పట్టుకుని, వేలితో తడిమి, మళ్ళీ తడిమి ఆగిపోయింది. మొహం కందిపోయింది.

"ఇటు రా" అంది చివరికి. "తల నేను పట్టుకుంటా."

ఇద్దరూ చోట్లు మార్చుకున్నారు. చిన్నది కళ్ళు మూసుకుని వేలితో వెతికింది. "అయిపోయింది నాన్నా, అయిపోయింది" అని మెల్లిగా అంటూ సూది దించింది. నరం దొరికినట్టు గొట్టంలోకి రక్తం తొంగిచూసింది. సెలైన్ చుక్కలు పడటం మొదలుపెట్టాయి.

కాసేపటికి సూదమ్మ నా బల్ల దగ్గరికొచ్చి కుర్చీలో కూలబడింది.

"నా మాట కూడా వదల్లేదు వదినా అది. దాని చెయ్యి విరిగిపోతే బాగుండనిపించింది, నిజంగా."

"మరి సూది ఎందుకిచ్చావు?"

"చెయ్యి విరిగితే తాతగాడికి ఎవరు గుచ్చుతారే!" అని కసిరి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

తాతగారు బతికాడు. కోడళ్ళిద్దరూ ఇంటికెళ్ళాక అత్తగారు సంగతంతా విని, ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అందట. పుండు మీద కారం చల్లడంలో ఆవిడని మించినవాళ్ళు లేరు.

మొన్న కొత్తపిల్లల్లో ఒకమ్మాయి కుక్కపిల్లకి సూది వెయ్యబోయి రెండుసార్లు తప్పింది. శాసనం ప్రకారం సూది చేతిలో పెట్టుకుని తలెత్తింది. సూదమ్మ ఎదురుగానే ఉంది, అలవాటుగా చెయ్యి చాచింది కూడా. ఆ పిల్ల సూదిని ఆ చెయ్యి పక్కనుంచి తీసుకెళ్ళి చిన్నదానికి అందించింది. దాని తప్పేముంది? అది చూసిన పాఠం అదే కదా.

చిన్నది సూది అందుకోకుండా అక్క మొహంలోకి చూసింది.

"నన్నేం చూస్తావు, నరం చూడు" అంది సూదమ్మ. చాచిన చేతిని కుక్కపిల్ల మెడకింద పోనిచ్చి తల దగ్గరికి తీసుకుంది. "ఇలా పట్టుకోవాలి, అందరూ చూడండి" అని పిల్లలకి చెప్పింది. గొంతు ఎప్పటిలా పాఠం చెప్పే గొంతే. మొహం మాత్రం మాడిపోయి ఉంది.