ఆపేసిన సర్వర్ చెప్పిన చావు కబురు

దెయ్యాలను నేను నమ్మను. తమిళనాడులోని కోవిల్‌పట్టిలో పెరిగినవాణ్ణి, కరెంటు పోదన్న మాటనే నమ్మేవాణ్ణి కాదు. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

అవి రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు. డిగ్రీ ఉంది, ఉద్యోగం లేదు. ఇంట్లో పాత కంప్యూటర్ మీద ఒక చాట్ సర్వర్ నడిపేవాణ్ణి. ఐఆర్‌సీ అనే ఆ చాట్ పద్ధతి అప్పటికే పాతబడింది. కానీ దానికి కావలసిన ప్రోగ్రాములు ఉచితం, నా సమయంలాగే. దాన్ని వాడేవాళ్లం ఇద్దరమే: నేను, విరుదునగర్‌లో ఉండే మా చిన్నాయన కొడుకు సెల్వం. వాడి మోడెం నేరుగా మా ఇంటి ఫోన్‌కే డయల్ చేసేది.

ఇంత తంటా ఎందుకంటే, ఒట్టపిడారం దగ్గరి ఉమ్మడి బావి మోటారు మీద మా నాన్నకూ, అంటే నైనాకూ, ఆయన తమ్ముడు చిన్నాయనకూ చెడింది. రెండిళ్ల మధ్య మాటల్లేవు. మేమిద్దరం మాత్రం ఇంటి తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకుంటూ ఉండేవాళ్లం. తెలుగు అక్షరాలు నేను చాలా తర్వాత నేర్చుకున్నాను.

ఒకరోజు పొద్దున అవ్వ పోయింది. నైనాకు, చిన్నాయనకు తల్లి. మా వైపు చావు కబురును మనిషిని పంపి చెప్పించాలి. కేదం చెప్పడం అంటారు. కబురు అందనివాడు కన్నకొడుకైనా రాడు. నైనా ఎక్కడో దూరాన ఉన్న నరికుడి దాకా మనుషుల్ని పంపాడు, విరుదునగర్‌కు తప్ప.

"వాడికి కేదం పోగూడదు. చెప్పినోడు మళ్లా నా గడప తొక్కగూడదు" అన్నాడు.

పెద్ద మనవణ్ణని నన్ను అవ్వ పక్కనే కూర్చోబెట్టారు. లేస్తే నైనా చూపు నా వెంటే లేచేది. సెల్వానికి ఒక్క ముక్క రాస్తే చాలు, కంప్యూటర్ ఎదురుగానే ఉంది. ఈలోగా, బొంబాయి నుంచి అత్త వచ్చేదాకా అవ్వను ఉంచాలని ఐస్‌పెట్టె అద్దెకు తెచ్చారు. మా ఇంట్లో నమ్మదగిన ప్లగ్ పాయింట్ ఒక్కటే. నైనా స్వయంగా కంప్యూటర్ వైరు పీకి, ఐస్‌పెట్టె వైరు పెట్టాడు. అడ్డంగా ఉన్నాయని కంప్యూటర్‌ను, మోడెంను పెరటి వరండాలోకి మోయించాడు. అవ్వ బతికుండగా ఆమె ఫ్యాను బాగు చేయించడానికి ఇంత చురుకుదనం నేను చూడలేదు.

సాయంత్రం చిన్నాయన, సెల్వం గుమ్మంలో నిలబడ్డారు.

"నీకు ఎవుడు చెప్పినాడు?" అన్నాడు నైనా.

"నువ్వు చెప్పకుంటే ఏమి, అన్నా? నీ కొడుకు చెప్పినాడు గదా" అన్నాడు చిన్నాయన.

ఇల్లంతా నావైపు తిరిగింది. చిన్నాయన తల్లి ముఖాన్ని ఐస్‌పెట్టె అద్దంలోంచి చూశాడు. అద్దానికి పట్టిన ఆవిరిని తువాలుతో తుడిచి మళ్లీ చూశాడు. మర్నాడు సాగనంపే ముందు కొడుకుగా ఆమె నోట్లో బియ్యం వేయడానికి మాత్రం నైనా ఒప్పుకోలేదు.

సెల్వాన్ని పెరట్లోకి లాక్కెళ్లాను.

"రాసిందీ నువ్వే, అడిగేదీ నువ్వేనా? నీకేమన్నా పిచ్చి పట్టిందారా?" అన్నాడు.

వాడు మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చి డయల్ చేస్తే కలిసిందట. నా పేరు మీద ఒకే వాక్యం వచ్చిందట: "చిన్నోణ్ణి బిన్నా రమ్మను, మొగం మూసేస్తారు." బిన్నా అంటే తొందరగా. మా ఇంట్లో ఆ మాట అవ్వ ఒక్కతే అనేది. చిన్నాయనను చిన్నోడనేదీ ఆమే. ఆమెకు ఏ భాషలోనూ చదవడం రాదు.

కర్మలయ్యాక రెండు కంప్యూటర్లలోని రికార్డులూ చూశాను. నాది మధ్యాహ్నానికి ముందే, నైనా వైరు పీకిన క్షణంతో ఆగింది. సెల్వం కంప్యూటర్‌లో ఆ వాక్యం ఉంది, మధ్యాహ్నం వేళతో. గడియారం తప్పేమో అని చూశాను, సరిగ్గానే ఉంది. ఇంకెవరో కబురు చెబితే వాడు దాస్తున్నాడేమో అనుకున్నాను. బిడ్డ మీద ఒట్టేసి మరీ కాదన్నాడు, అదీ మొన్నమొన్ననే.

నైనా పోయేదాకా నాతో మాట్లాడలేదు. నీళ్లు కావాలన్నా గోడకు చెప్పేవాడు. చిన్నాయన ఇంట్లో ఏ శుభకార్యమైనా మొదటి ఆకు నాకే వేస్తారు. "మా అమ్మ మొగం చూపించినోడు" అని వచ్చినవాళ్లకు పరిచయం చేస్తాడు. తల వంచుకుని తింటాను. నేను కాదంటే, మరి ఎవరు అని అడుగుతారు. అది నాకూ తెలియదు.