ముందు నుంచి ఊడే కవచం

సినిమా రాజులకు కవచాలు చేసే మేస్త్రి తను చేసిన కవచంలో తనే ఇరుక్కుపోయి షెడ్డు మధ్యలో నిలబడ్డాడు. పదింటికి షూటింగ్ బండి వస్తుంది. అప్పటికి తొమ్మిదిన్నర.

పాతికేళ్లుగా ఆయనకిదే పని. వెనకటి సినిమాలో ఈ రాజే లోకం మాట విని భార్యను అడవికి పంపేసి, కన్నయినా తడవకుండా నిలబడ్డాడు. ఆ కవచానికి వీపు మీద తాళ్లు; ఇద్దరు పడితే గాని ఊడేది కాదు. ఇప్పుడు అదే కథ మళ్లీ తీస్తున్న దర్శకుడి లెక్క వేరు.

“ఈ కాలం వాళ్లు ఆ రాజును ఒప్పుకోరు మేస్త్రీ. మన రాజు తన కవచం తనే విప్పుకుని, ‘నిన్నడక్కుండా తీర్పు చెప్పాను, తప్పు నాదే’ అంటాడు. ఒక్క చేత్తో ఊడాలి.”

రాజు మంచివాడైతే మేస్త్రికేం, చెడ్డవాడైతే ఏం? అతుకు కనపడకూడదు, అంతే. ముందు వైపే, ఎడమ పక్కగా లోపల కొక్కేలు పెట్టి, వాటిని లాగేందుకు ఓ తీగ అమర్చాడు. మూడు వారాలు పట్టింది. హీరో ఛాతీ కొలత, తన కొలత ఒకటే కాబట్టి ఎప్పుడూ తనే తొడిగి చూస్తాడు. ఈసారి తొందరలో, తొడిగి చూడకముందే లోపలి గుడ్డ అంటించేశాడు. తీగ కొస గుడ్డ కింద ఉండిపోయింది. ఇప్పుడు తొడుక్కుంటే కొక్కేలు మాత్రం చక్కగా పడ్డాయి, విప్పే తీగే అందడం లేదు. కవచాన్ని కోస్తే మూడు వారాల పనీ మట్టిపాలు.

“ఏమే, ఓసారిలా రా.”

కుట్టుమిషన్ ముందున్న భార్య వచ్చి ఎగాదిగా చూసింది. “నిలబడ్డ తాబేలులా ఉన్నావు.” సన్నటి చెయ్యి చంక కిందుగా దూర్చి, చిన్న బ్లేడుతో గుడ్డ అంచు విప్పసాగింది.

“దుస్తుల విభాగం చూసే పెద్దావిడ నిన్న కనిపించింది” అంది. “కుట్టుపని మొత్తం నా చేతికిస్తానని నెల కిందటే ఫోన్ చేసిందట. ‘మా ఆవిడకి కుదరదు’ అన్నావట.”

మేస్త్రికి లోపల చెమట కారుతోంది.

“ఇక్కడి పని ఎవరు చూస్తారని...”

“నన్నడిగావా?”

“అడిగితే వెళ్తానంటావు.”

లోపల చెయ్యి ఆగిపోయింది. “ఇవాళ చెప్పకపోతే వేరేవాళ్లను పెట్టుకుంటారట.”

రాజు అనాల్సిన మాట మేస్త్రికి కంఠతా వచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. “ముందు ఆ తీగ చూడవే, బండి వస్తుంది” అన్నాడు.

“ఆ రాజుకు మాటలు రాసిచ్చేవాళ్లున్నారు. నీకెవరున్నారులే పాపం.”

తీగ దొరికింది. కవచం చప్పుడు లేకుండా రెండుగా విచ్చుకుంది. ఎక్కడా గీత పడలేదు. తీగ కొస బయటికి తీసి, గుడ్డను ముడత రాకుండా మళ్లీ అంటించి, ఆమె ఫోన్ అందుకుంది.

“అమ్మా, ఈసారి నేనే మాట్లాడుతున్నా. సోమవారం నుంచి వస్తాను.”

మేస్త్రి తడిసిన బనీనుతో అలాగే నిలబడ్డాడు. ఇంతలో బండివాడు వచ్చి, చీటీ మీద చేసినవాళ్ల పేరు రాయడానికి పెన్ను తీశాడు.

“ఎప్పటిలా మీ ఒక్కరి పేరేగా మేస్త్రీ?”

“లోపలి పని మా ఆవిడది. అదీ రాయి.”

అంటూ ఆమె వైపు చూశాడు. ఆమె ఫోన్లో పని వేళలు అడుగుతోంది, ఇటు తిరగలేదు.