పేరు పక్కన ఆకుపచ్చ చుక్క

డిసెంబరు సగానికి వచ్చేసరికి మా హాల్లో టీవీ కింద ఉండే ఆటల పెట్టె నా ఏడాదంతా ఎలా గడిచిందో నాకే చెప్పడం మొదలుపెడుతుంది. ఏ ఆట ఎంతసేపు ఆడానో, ఏ నెలలో ఎక్కువ ఆడానో రంగురంగుల బొమ్మలతో తెర మీద చూపించి, ఈ ఏడు మీకు బాగా నచ్చిన ఆట ఇదేనని తీర్పు కూడా చెప్పేస్తుంది. నిన్న పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుని చూస్తే మళ్ళీ ఆ వ్యవసాయం ఆటే మొదటి స్థానంలో ఉంది. ఎక్కువసేపు ఆడటానికీ నచ్చడానికీ తేడా ఉంటుందని ఆ పెట్టెకి ఎవరు చెప్పాలి అని మా ఆవిడతో అంటే, చెబితే అర్థం కావడానికి అదేమన్నా మనిషా అని ఆవిడ తన పనిలో తను పడిపోయింది. నాకు మాత్రం ఆ పొలాన్ని చూస్తూ కూర్చుంటే కాఫీ చల్లారిపోయింది.

నా ఈడువాళ్ళు ఇది చదివి నవ్వుకుంటారని తెలుసు. షుగరు గురించీ మోకాళ్ళ గురించీ మాట్లాడుకోవలసిన వయసులో ఈయనకి వీడియో గేములేమిటి అనిపిస్తుంది. కానీ మనం చదువుకునే రోజుల్లో బస్టాండు సందుల్లో వీడియో గేమ్ పార్లర్లని వెలిశాయి, గుర్తుందా? చీకటి గదిలో, చెమట వాసనలో, ఒక్క తెర చుట్టూ పదిమందిమి మూగి ఒకడు ఆడుతుంటే మిగతావాళ్ళం సలహాలు ఇచ్చేవాళ్ళం. ఆ పిచ్చి నాకు అక్కడ అంటుకున్నదే. ఇంజనీరునై, కెనడా వచ్చి, ఆటవా శివారు కనాటాలో టెలికాం ఉద్యోగంలో జుట్టు నెరిసినా వదల్లేదు.

ఆ పిచ్చిని మా మేనల్లుడికి అంటించింది కూడా నేనే. మా అక్కని వరంగల్లు ఇచ్చారు. వాడు రెండో తరగతిలో ఉండగా సెలవులకి వెళ్తూ ఒక ఆటల పెట్టె పట్టుకెళ్ళాను. పిల్లాణ్ణి చెడగొట్టడానికే ఇంత దూరం నుంచి వచ్చావా అని మా అక్క నా సెలవంతా సాధించింది. నేను తిరిగొచ్చేశాక ఆ డిసెంబరులో వాడు ఫోను చేసి, ఈ ఏడు తనకి నచ్చిన మూడు ఆటలేమిటో, ఎందుకు నచ్చాయో ఊపిరి తిప్పుకోకుండా చెప్పాడు. బదులుగా నేనూ నా మూడు చెప్పాను. అలా అది మా ఇద్దరికీ ఆనవాయితీ అయిపోయింది. నియమం ఒక్కటే, గొప్ప ఆటని కాదు, నచ్చిన ఆటని చెప్పాలి. చెప్పాక అవతలివాడు ఎగతాళి చేయకుండా ఆ ఆట ఆడి చూడాలి. పేర్లు నాకు ఎన్నడూ గుర్తుండవు కాబట్టి మా పేర్లు మేమే పెట్టుకున్నాం. దయ్యాల బంగళా ఆట, పడవ ఆట, లారీ ఆట. ఆ లారీ ఆటలో వానలో హైవే మీద లారీ తోలడం తప్ప ఏమీ జరగదు. అది నాకు ప్రాణం. వాడు పాపం మాట తప్పకుండా ఆడి, మామయ్యా, నిద్ర పట్టకపోతే మాత్రం మంచి మందు అన్నాడు.

ఆ తరవాత ఇక్కడి కాలేజీలన్నీ మన పిల్లలతో నిండిపోయిన ఏళ్ళు వచ్చాయి. ఏ ఇండియన్ స్టోరులో చూసినా గోడ నిండా బేస్‌మెంట్లో షేరింగ్‌కి చోటుందన్న కాగితాలు, ఏ కాఫీ షాపులో నిలబడినా కౌంటరు వెనకాల తెలుగు. మా వాడూ ఆ అలలోనే వచ్చాడు. ఆటవా పక్కన చేరితే మా ఇంట్లో ఉంటాడని నేను ఆశపడ్డాను గానీ, వాడికి సీటు టొరంటో అవతల కేంబ్రిడ్జ్ వైపు కాలేజీలో వచ్చింది. ఒక బేస్‌మెంట్లో అరడజను మంది, కాలేజీ అయ్యాక గోడౌన్‌లో పార్ట్ టైము, బస్సు కోసం మంచులో నిలబడటం. కనాటా నుంచి కారులో వెళ్ళాలంటే పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం భోజనాల వేళ దాటిపోతుంది.

నేను మొదటి నుంచీ గాభరా మనిషిని. మా అక్క నాకంటే రెండాకులు ఎక్కువే చదివింది. వాడు చూస్తే ఫోను ఎత్తడు, ఎత్తినా షిఫ్టులో ఉన్నా మామయ్యా అని పెట్టేస్తాడు. ఈ గాభరాకి మందు ఆటల పెట్టెలోనే దొరికింది. అందులో మన స్నేహితుల పేర్ల వరస ఉంటుంది, ఫోనులోనూ చూడొచ్చు, ఎవరైనా ఆడుతుంటే వాళ్ళ పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలుగుతుంది. ఆఫీసులో మీటింగు మధ్యలో కూడా బల్ల కింద ఫోను తీసి ఆ చుక్క చూసుకునేవాణ్ణి. వెలిగిందంటే వాడు తిన్నాడు, గదికి చేరాడు, కాస్త తీరిగ్గా కూర్చున్నాడు అని నా అర్థం. ఈ సంగతి పొరపాటున మా అక్కకి చెప్పాను. అప్పటి నుంచి రోజూ ఫోను, క్షేమం కాదు, భోజనం కాదు, మొదటి మాటే 'లైటు వెలిగిందారా?' వెలిగింది అంటే ఇక వేరే మాట లేకుండా పెట్టేసేది.

వ్యవసాయం ఆట మొదలుపెట్టింది కూడా ఆ ఏడే. అందులో ఇద్దరికీ కలిపి ఒక పొలం, ఒక ఇల్లు, ఒక చెరువు ఉంటాయి. ఎవరికి వీలున్నప్పుడు వాళ్ళు వచ్చి పని చేసుకోవచ్చు. మా మేనల్లుడు పొలం పనికి పనికిరాడు. పొద్దస్తమానం చెరువు గట్టున నిలబడి గాలం వేసుకుని కూర్చునేవాడు. నీళ్ళు పెట్టడం, కలుపు తీయడం, కోళ్ళని కొట్టంలో తోలడం అన్నీ నా నెత్తిన పడేవి. ఎండిపోయిన మొక్కల్ని చూపించి చెవికి తగిలించుకున్న మైకులో నేను తిడుతుంటే, చేపలు అమ్ముదాం మామయ్యా, కూరగాయలు కొనుక్కుందాం అని నవ్వేవాడు.

చలి ముదురుతున్న నవంబరులో ఒక శనివారం పొద్దున ఆట తెరిచి చూద్దును కదా, పొలమంతా తడిసి ఉంది. సాళ్ళు తాడు పట్టి గీసినట్టు ఉన్నాయి. గట్ల వెంబడి కలుపు లేదు. ముందు సంతోషపడ్డాను, వీడికి బుద్ధి వచ్చిందని. మర్నాడు కూడా అంతే. ఆ పై వారమంతా అంతే. చెరువు గట్టు వైపు అడుగు పెట్టిన జాడ లేదు, గాలం అక్కడి గోడకి ఆనించినది ఆనించినట్టే ఉంది. ఒకరోజు నేను ఆడుతుండగానే వాడి మనిషి తెర మీదకి వచ్చాడు. పలకరిస్తే మైకులో జవాబు లేదు. కాసేపటికి ఫోనులో మైకు పాడైందని మెసేజి వచ్చింది. తెర మీద ఆ మనిషి మాత్రం వంచిన తల ఎత్తకుండా ఒక సాలు తరవాత ఒక సాలుకి నీళ్ళు పెట్టుకుంటూ పోతున్నాడు. చుక్క వెలుగుతోంది, పేరు వాడిదే, చెయ్యి మాత్రం వాడిది కాదు.

ఫోను చేస్తే ఎత్తాడు, గొంతు మామూలుగానే ఉంది, వీడియోలోకి రమ్మంటే మాత్రం నెట్ బాలేదన్నాడు. ఆ మధ్యాహ్నం మా అక్క ఎప్పటిలాగే లైటు వెలిగిందారా అంటే, వెలిగిందనే చెప్పాను. అబద్ధం కాదు, కానీ ఆ రోజు ఆవిడ కంటే ముందే ఫోను నేనే పెట్టేశాను. మర్నాడు పొద్దున్నే మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర పక్క సీట్లో పెట్టుకుని బయలుదేరాను. దారంతా గాలికి మంచు రోడ్డు మీద అడ్డంగా కొడుతూనే ఉంది. ఉద్యోగం పోయిందేమో, కాలేజీ మానేశాడేమో, పెట్టె అమ్ముకుని ఎటో వెళ్ళిపోయాడేమో, ఎవరి మాటో నమ్మి ఎక్కడో ఇరుక్కున్నాడేమో అని ఒకదాని మీద ఒకటి ఊహించుకుంటూ, టొరంటో ఇవతల ఏజాక్స్ దగ్గర టీ కోసం ఆగి కూడా తాగకుండానే మళ్ళీ కారెక్కాను. నా జీవితంలో లారీ ఆట లాంటి ప్రయాణం నిజంగా చేసింది ఆ రోజే. ఏమీ జరగని రోడ్డు అంత భయపెడుతుందని అంతకుముందు తెలియదు.

బేస్‌మెంటు తలుపు తీసింది వాడి రూమ్మేటు, అనంతపురం దగ్గర పల్లెటూరి కుర్రాడు. వెనకాల టీవీలో మా పొలం కనబడుతోంది. నన్ను చూసి పక్కకి తప్పుకున్నాడు. మా వాడు మూలన పరుపు మీద గోడకి ఆనుకుని ఉన్నాడు. కుడి చేతికి పాత టీషర్టు చింపి కట్టిన కట్టు. వేళ్ళు ఉబ్బి నల్లబడి ఉన్నాయి. గోడౌన్‌లో సరుకు పేర్చిన చెక్క బల్లల మధ్య నలిగిందట. పది రోజులు దాటిపోయింది.

హాస్పిటల్‌కి ఎందుకు వెళ్ళలేదంటే చెప్పడు. రూమ్మేటే చెప్పాడు. స్టూడెంట్లు వారానికి ఇన్ని గంటలే పని చేయాలని రూలు కదా, మా వాడు ఆ వారం అంతకు మించి చేశాడు, దెబ్బ తగిలింది ఆ ఎక్కువ గంటల్లో. హాస్పిటల్‌కి వెళ్తే ఎక్కడ తగిలింది, ఏ రోజు తగిలింది అని అడుగుతారు, చెప్పింది ఇమిగ్రేషన్‌కి పంపుతారు, చదువుకోవడానికి ఇచ్చిన పర్మిట్ పోతుంది. ఆ బేస్‌మెంట్లో ఎవరో ఎవరికో చెప్పగా అందరూ నమ్మిన మాట ఇది. ఒక్కడికీ నిజంగా జరిగింది లేదు, అయినా ఒక్కడూ కాదనలేదు. చదువుకున్న పిల్లలు అరడజను మంది చుట్టూ కూర్చుని, ఒకడి చెయ్యి నల్లబడుతుంటే పసుపు కట్టు మారుస్తూ, వేళ్ళు కదులుతున్నాయా అని అడుగుతూ గడిపారు.

చుక్క ఆరిపోతే నేను కంగారుపడతానని, నేను పడితే అమ్మ పడుతుందని, ఆట తెరిచి పెట్టమని రూమ్మేటుని బతిమాలాడట. ఊరికే తెరిచి పెడితే సరిపోయేది, పొలం పని ఎందుకు చేశావు బాబూ అని తరవాత ఆ కుర్రాణ్ణి అడిగాను. తల గోక్కుని, "పొలం ఎండిపోతా ఉంటే చూస్తా కూచోలేను అంకుల్. మా నాయన చూస్తే తంతాడు" అన్నాడు. ఆ అబ్బాయి చేతులు ఊరుకోలేక చేసిన పనే నన్ను అంత దూరం లాక్కొచ్చింది.

హాస్పిటల్లో మా వాడి పర్మిట్ గురించి ఎవరూ అడగలేదు. ఇన్నాళ్ళు ఎందుకు ఆగారని మాత్రం అడిగారు. చెయ్యి దక్కింది. చివరి రెండు వేళ్ళు మాత్రం ఇప్పటికీ పూర్తిగా వంగవు.

ఆ డిసెంబరుకి వాడు మా ఇంట్లోనే ఉన్నాడు. చేతికి పట్టీతో సోఫాలో కూర్చుని, ఆనవాయితీ తప్పకూడదు కదా మామయ్యా అని మొదలుపెట్టాడు. మూడో ఆట, రెండో ఆట చెప్పాడు. "ఫస్టు మన పొలం ఆటే మామయ్యా. ఈ ఏడు నేను దాన్ని సరిగ్గ ఆడింది లేదు, వాడే ఆడిండు. పక్కన పండుకొని చూసుకుంట ఉన్న. అయినా అదే నచ్చింది" అన్నాడు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను. అప్పటి నుంచి మా అక్క అడగడం కూడా మారింది. రూమ్మేటు పేరు కూడా నా వరసలో చేర్చుకున్నానని తెలిసి, ఇద్దరి లైట్లూ వెలిగాయా అనేది.

ఇప్పుడు మా మేనల్లుడు ఏజాక్స్‌లో ఇల్లు కొనుక్కుని, భార్యతో, ఓ చిన్న కూతురితో ఉంటున్నాడు. రోజూ ఆఫీసు నుంచి డ్రైవ్ చేస్తూ ఫోను చేస్తాడు. ఆడే తీరిక లేదు. వాడి పేరు పక్కన చుక్క నెలల తరబడి బూడిద రంగులోనే ఉంటుంది. నేను కూడా దాని కోసం చూడటం మానేశాను అని చెప్పాలని ఉంది గానీ, చూస్తూనే ఉంటాను.

పోయిన ఏడు నాకు గుండెలో స్టెంటు వేశారు. ఉన్నట్టుండి నొప్పి వచ్చి హాస్పిటల్లో చేరినప్పుడు, పిల్లాడు కంగారుపడతాడు, పాపని పెట్టుకుని అంత దూరం డ్రైవ్ చేసుకుంటూ వస్తాడు, వాడికి చెప్పొద్దు, వాడూ నా చుక్క చూసుకుంటూ ఉంటాడు, ఇంటికి వెళ్ళి కాసేపు ఆ ఆట తెరిచి పెట్టు అని మా ఆవిడని బతిమాలాను. ఆవిడ అలాగే తెరిచి పెట్టి, మళ్ళీ హాస్పిటల్‌కి వచ్చేసింది. ఆ రోజు వాడికి సెలవు. పాపకి చేపలు చూపిద్దామని పొలంలోకి వచ్చాడట. వాడి ఒళ్ళో కూర్చున్న ఆ పిల్ల ఇంగ్లీషులో అడిగిందట, తాతయ్య ఎందుకు కదలడం లేదని. నా మనిషి ఇంటి గుమ్మం ముందు, ఎండిన సాళ్ళ వైపు తిరిగి, నిలబడినవాడు నిలబడినట్టే ఉన్నాడు. మా ఆవిడకి ఫోను చేసి సంగతి రాబట్టి, సాయంత్రానికల్లా మా మేనల్లుడు హాస్పిటల్లో నా మంచం పక్కన ఉన్నాడు. తిట్టలేదు. వంగని వేళ్ళున్న ఆ చెయ్యి నా చెయ్యి మీద వేసి, "నువ్వు అంతసేపు ఊకే నిలబడవు మామయ్యా" అన్నాడు.

మన రోజుల్లో ఇంటి నుంచి ఉత్తరం రావడానికి పక్షం పట్టేది. అందులో అంతా క్షేమం అని ఉంటే, అది రాసిన రోజు నాటి క్షేమమని తెలిసి కూడా నమ్మి, మళ్ళీ ఉత్తరం వచ్చేదాకా నిశ్చింతగా తిరిగేవాళ్ళం. ఇప్పుడు క్షేమం ప్రతి నిమిషమూ తెర మీద వెలుగుతుంది, ఆ నిశ్చింత మాత్రం ఎటు పోయిందో తెలియదు. దాచిపెట్టే ఉపాయాలు ఆ కుర్రాళ్ళు నేర్చుకున్నారు, వాళ్ళ దగ్గర నేను నేర్చుకున్నాను. ఒకరినొకరం కనిపెట్టడం కూడా నేర్చుకున్నాం.

ఈ ఆదివారం వాడు ఫోను చేస్తాడు, నా మూడు ఆటలు చెప్పాలి. మొదటిది పొలం ఆటే అని పెట్టె ఎలాగూ చెప్పేసింది. నిజానికి అందులో ఇప్పుడు నాకు చేయడానికి ఏమీ మిగలలేదు. అయినా పొద్దున్నే తెరుస్తాను, మొక్కలకి నీళ్ళు పెడతాను. పని అయిపోయాక చెరువు గట్టు దాకా వెళ్ళి, వాడి గాలం ఆనించి ఉన్న గోడ పక్కన కాసేపు అటూ ఇటూ నడుస్తాను. ఎవరైనా వచ్చి చూస్తే నేను కదులుతూ కనబడాలి కదా.