వన్స్ మోర్ జయరత్నం తాత

మా జయరత్నం తాతకు ఏ పాఠమూ ఒక్కసారికి అర్థమయ్యేది కాదు. అర్థం కాకపోతే మనలాగా తలూపి ఊరుకోవచ్చు కదా? ఊహూ. మైకు ఆన్ చేసి, ఫోను లేకపోయినా రాజస్థాన్ దాకా వినబడేంత గట్టిగా అరిచేవాడు.

"వన్స్ మోర్ సార్! ఫ్రమ్ ఫస్ట్!"

రాజస్థాన్ ఎందుకంటే మా యూనివర్సిటీ అక్కడుంది. మేమేమో ఇక్కడున్నాం. ఆసుపత్రి నిర్వహణలో పీజీ, అంతా ఆన్‌లైన్, ఎక్కడినుంచైనా చదవొచ్చు అని ప్రకటన చూసి తాతా, నేనూ, ఇంకొందరం చేరాం. ఎక్కడినుంచైనా అంటే ఆ ఊళ్ళో ఏ వీధినుంచైనా అని చేరాక తెలిసింది. రికార్డు చేసిన పాఠాలు వాళ్ళ క్యాంపస్ వైఫైలోనే తెరుచుకుంటాయి. పుస్తకాలు కావాలంటే "లైబ్రరీకి వచ్చి తీసుకోండి, నడిచొచ్చేంత దూరమే" అంటారు హిందీలో. మా క్లాసే అయిన కుప్పం మునికుమార్ ఫోనయితే వాకిట్లో తమిళనాడు టవరు, పెరట్లో కర్ణాటక టవరు పట్టేది. వాడు అన్నం తింటూ మూడు రాష్ట్రాల్లో క్లాసు వినేవాడు.

కాబట్టి పాఠం జరుగుతున్నప్పుడు విన్నదే చదువు. పోయింది పోయినట్టే.

అలాంటి క్లాసులో తాత వన్స్ మోర్ మొదలైతే మాకెలా ఉంటుంది? మాథుర్ సార్ పాఠం చెప్పడం ముగించి, నీళ్ళ సీసా మూత తీసేలోపు ఈయన కేక.

"జయరత్నం జీ, ఏది అర్థం కాలేదు?"

"మొత్తం సార్!"

మునికుమార్ వెంటనే గ్రూపులో పెట్టేవాడు. "ఇది క్లాసా, పద్యనాటకమా రా? వన్స్ మోర్ అంట వన్స్ మోర్! ఉదయ్, మీ వీధే కదా, పొయ్యి ఆయన మైకు పీకేయప్పా!"

మదనపల్లెలో మా ఇంటి పక్కిల్లే తాతది. వెళ్ళి అడిగాను.

"తాతా, నీకేమన్నా చెవుడా?"

"సెవులు బాగుండాయప్పా. బుర్రే మొద్దు."

"మరి ఈ వయసులో చదువెందుకు?"

"ముప్పై ఏండ్లు ఆస్పత్రిలో పేర్లు పిలిస్తి. ఆస్పత్రి యెట్ల నడస్తాదో నేర్సుకోలా. సూద్దామని."

నిజమే. మిషన్ ఆసుపత్రిలో ఓపీ కిటికీ దగ్గర కూర్చుని రోగుల పేర్లు పిలిచే పని ఆయనది. అక్కడా ఇదే జబ్బు. కురబలకోట నుంచి వచ్చిన ముసలామె టీకి వెళ్ళి పలక్కపోతే, మళ్ళీ పిలిచేవాడు. మళ్ళీ పిలిచేవాడు. వెనకాల క్యూ గోల, లోపల డాక్టరు గోల. తర్వాతి చీటీ మాత్రం ముట్టుకునేవాడు కాదు. "పలకలేదంటే లేరని కాదప్పా, యాడో దూరంగా ఉండారని" అనేవాడు.

ఒకే ఒక్క రోజు తాత నోరు మెదపలేదు. అది కూడా అన్నిటికన్నా కొరకరాని బడ్జెట్ పాఠం. మాథుర్ సార్ చెప్పడం ముగించి అలవాటుగా ఆగాడు. కేక రాలేదు. "జయరత్నం జీ, ఉన్నారా?" అని కంగారుగా అడిగాడు. "అర్థమైంది సార్, థాంక్యూ" అన్నాడు తాత. గ్రూపంతా చప్పట్ల బొమ్మలే. "తాత బుర్రకి ఈపొద్దు ఫుల్ సిగ్నల్ రా!" అన్నాడు మునికుమార్.

మరుసటి క్లాసుకు మళ్ళీ వన్స్ మోర్.

ఎండలు ముదురుతున్నప్పుడు తాత నిద్రలోనే వెళ్ళిపోయాడు. ఆ వారం మాథుర్ సార్ పాఠం అయ్యాక ఆగాడు. ఎవరూ అరవలేదు. ఎప్పుడూ ఇరవై నిమిషాలు ఆలస్యంగా ముగిసే క్లాసు సమయానికి ముగిసింది. అందరం కోరుకున్నది అదే. ఎవరికీ బాగాలేదు.

జ్ఞాపకార్థ కూడిక రోజు తాత ఇంట్లో ఓ మూల ఒక అమ్మాయి కూర్చుని ఏడుస్తోంది. ఎవరో మాకెవరికీ తెలియదు.

"నేను లక్ష్మీప్రియ అన్నా. మీ క్లాసే. సోమల నుంచి."

క్లాసులో పేరు చూశాను గానీ ముఖం ఎప్పుడూ చూడలేదు. వీడియో పెడితే సిగ్నల్ చచ్చిపోతుందట. వాళ్ళమ్మకు డయాలసిస్. పుంగనూరు మీదుగా ఇక్కడి ఆసుపత్రికే తీసుకొస్తుంది. అమ్మను వదిలి హాస్టల్లో చేరే వీల్లేదు. ఈ కోర్సు పోతే ఇంక చదువు లేదు.

"మా ఊర్లో మాటిమాటికీ కట్టయిపోతాదన్నా. మళ్ళా వచ్చేసరికి సగం పాఠం అయిపోయింటాది. నోరు తెరిచి అడగాలంటే బయం. సరిగ్గా అప్పుడే తాత అరుస్తాండె. నాకన్నా మొద్దు ఒకరుండారులే అని దైర్యంగా ఉండె."

తాత భార్య సువార్తమ్మ అవ్వ కన్నీళ్ళలోనే గయ్యిమంది. "ఆయనా మొద్దు? క్లాసు అయినాక పాఠమంతా నాకు సెప్తాండె తల్లీ, పొయ్యి మీద కూర మాడేదాకా!"

నాకేదో తట్టింది. "బడ్జెట్ పాఠం రోజు నువ్వు యాడుండావు?"

"ఈడే అన్నా, అమ్మతో ఆస్పత్రిలో. ఆపొద్దు ఒక్కసారి గూడా కట్ కాలా."

ఓపీ కిటికీ నా కళ్ళముందు తెరుచుకుంది. తెర మీద ఆ పేరు మాయమై మళ్ళీ వెలగడం మాలో తాత ఒక్కడే చూశాడు. ఆమె వచ్చేదాకా తర్వాతి చీటీ ముట్టుకోలేదు.

ఆ సాయంత్రమే మునికుమార్‌కు చెప్పాను. జీవితంలో మొదటిసారి వాడు జోకు లేకుండా, అదంతా గ్రూపులో రాసి పెట్టాడు.

తర్వాతి నెల మౌఖిక పరీక్ష. అందరం ఒకే మీటింగులో కూర్చోవాలి, ఒక్కొక్కరినే అడుగుతారు. ప్రశ్న మధ్యలో లైను పోతే ఆ మార్కులు పోయినట్టే. లక్ష్మీప్రియ వంతు వచ్చింది. మాథుర్ సార్ ప్రశ్న అడుగుతుండగానే ఆమె పేరు మాయమైంది.

నేను మైకు నొక్కేలోపే కుప్పం నుంచి ఒక కేక.

"వన్స్ మోర్ సార్! ఫ్రమ్ ఫస్ట్!"

"మునికుమార్, ఇది మీ ప్రశ్న కాదు."

"అయినా అర్థం కాలేదు సార్!"

"నాకూ కాలేదు సార్" అన్నాను. ఇంకెవరో బెంగాల్ నుంచి, మరెవరో ఒడిశా నుంచి, అందరికీ ఒకేసారి బుర్రలు మొద్దుబారాయి. ఆ గోలలో లక్ష్మీప్రియ పేరు మళ్ళీ వెలిగింది.

మాథుర్ సార్ ఆ పేరు వైపు చూశాడు. మా వైపు చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"జయరత్నం జీ ఇంకా క్లాసులోనే ఉన్నట్టున్నారు" అని, ప్రశ్న మళ్ళీ మొదటినుంచి చదివాడు.